పలచబడే పాపిట, ముందే ఆగే ముట్లు: మన ఆడవాళ్ల జుట్టు గురించి మాట్లాడుకుందాం

దళిత స్త్రీల ఆరోగ్యం అనగానే మనకు గుర్తొచ్చేవి కాన్పులు, రక్తహీనత, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. నలభై దాటిన ఆడమనిషి ఒంట్లో ఏం జరుగుతోందన్నది సర్కారు లెక్కల్లో కనబడదు, మన సంఘాల మీటింగుల్లోనూ పెద్దగా రాదు. అందులో జుట్టు ఊడటం గురించైతే అసలే మాట్లాడం. "పానం బాగుంటే చాలు, ఎంటికలదేముంది" అని పక్కన పెట్టేస్తాం. పక్కన పెట్టేది మనమే. పొద్దున దువ్వెనకు చుట్టుకొచ్చిన కుచ్చును చూసుకునే మనిషి మాత్రం పక్కన పెట్టలేదు. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంటుంది, ఫొటో దిగమంటే వెనక్కి జరుగుతుంది, పెళ్లికి పోవాల్సి వస్తే సవరం కోసం వెతుక్కుంటుంది. ఎవరితోనూ అనదు.

ఇది అందం గొడవే కదా, హక్కుల పేజీలో ఎందుకు అనేవాళ్లుంటారు. ఈ సమాజం జుట్టును ఎన్నడూ అందంగా మాత్రమే చూడలేదు. 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను హింసించి, వారిలో ఇద్దరికి గుండు గీయించారు. ఆ శిరోముండనం కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, బలవంతంగా గుండు గీయడాన్నీ మీసాలు తీసేయడాన్నీ నేరాలుగా పేరుపెట్టి రాయాల్సి వచ్చింది. అంటే తల మీద జుట్టు మనిషి గౌరవానికి సంబంధించిందని చట్టమే ఒప్పుకుంది. ఇక ఆడవాళ్ల సంగతికొస్తే, మొగుడు పోయిన ఆమెకు గుండు గీయడం అగ్రకులాల ఆచారమే గానీ "బోడి" అనే తిట్టు మాత్రం అన్ని కులాల ఆడవాళ్ల మీదా పడింది. అందుకే నడినెత్తి కనబడుతోందంటే యాభై ఏళ్ల కూలీ మనిషికి కూడా సిగ్గూ భయమూ. ఆ సిగ్గును ఎద్దేవా చేసే హక్కు మనకు లేదని మేం అనుకుంటున్నాం.

సిగ్గు ఒక ఎత్తు. ఊడే జుట్టు ఒంట్లో జరిగే చాలా సంగతులను బయటపెడుతుంది, అది ఇంకో ఎత్తు. మన ఆడవాళ్ల విషయంలో ఆ సంగతులు కూలి, తిండి, ఆపరేషన్ బల్ల దాకా పోతాయి.

కుదుళ్లలో ఏం జరుగుతుంది

మనిషి తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక తన కుదురులో రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది. సుమారు మూడు నెలలు అలాగే ఉండి రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది మొదలవుతుంది. ఏ సమయంలో చూసినా పదింట తొమ్మిది కుదుళ్లు పెరిగే దశలోనే ఉంటాయి. అందుకే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలినా తల పలచబడదు.

వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. ఒంట్లో మార్పులు మాత్రం అంతకు కొన్నేళ్ల ముందే మొదలవుతాయి. ముట్లు వెనకా ముందూ అవుతాయి, ఒక్కోసారి విపరీతంగా పోతుంది, ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, రాత్రి చెమటలు పట్టి నిద్ర పోతుంది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు తగ్గిపోవడమే దీనికి కారణం. ఈస్ట్రోజెన్ వెంట్రుకను పెరిగే దశలో ఎక్కువ కాలం నిలబెడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు జడ లావుగా ఉండటం, కాన్పయిన మూడు నాలుగు నెలలకు కుప్పలుగా ఊడటం చాలామందికి అనుభవమే. అప్పుడు పనిచేసింది ఇదే హార్మోను. మగవాళ్లలో ఎక్కువగా ఉండే ఆండ్రోజెన్ హార్మోన్లు ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి. ఈస్ట్రోజెన్ తగ్గాక వాటి ప్రభావం పైకొస్తుంది. వంశంలో ఆ గుణం ఉన్నవాళ్లలో నడినెత్తి మీది కుదుళ్లు క్రమంగా చిన్నబోతాయి. ఒక్కో విడతకూ వెంట్రుక సన్నగా, పొట్టిగా వస్తుంది. నల్లటి మందపు వెంట్రుక ఉండాల్సిన చోట నూగు మిగులుతుంది.

ఆడవాళ్లలో ఇది మగవాళ్ల బట్టతలలా ఉండదు. నుదుటి అంచు అలాగే ఉండి, పాపిట వెడల్పవుతూ పోతుంది. నడినెత్తి మీద తోలు కనబడుతుంది. మొత్తం తల బోడి కావడం చాలా అరుదు. ఇది ఎవరి తప్పువల్లా వచ్చేది కాదు. తలకు నూనె పెట్టకపోవడం వల్లో, ఎండలో తిరగడం వల్లో, "ఒంట్లో వేడి" వల్లో వచ్చేదీ కాదు.

అయితే నలభై దాటిన స్త్రీకి ఊడే ప్రతి వెంట్రుకకూ మెనోపాజే కారణమని రాసేస్తే పెద్ద పొరపాటు. టైఫాయిడో డెంగీయో చికున్‌గున్యానో వచ్చి తగ్గాక, పెద్ద ఆపరేషన్ అయ్యాక, తిండి బాగా తగ్గిపోయాక, ఇంట్లో చావు లాంటి దెబ్బ తగిలాక, రెండు మూడు నెలలకు తల అంతటా జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. ఇది ఎక్కువగా ఆర్నెల్లలో దానంతట అదే సర్దుకుంటుంది. రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా, నున్నగా ఊడితే అది మనవాళ్లు పేనుకొరుకుడు అనేది. పేరులో పేను ఉన్నా పేలకూ దానికీ సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ కుదుళ్ల మీద తిరగబడటం వల్ల వస్తుంది. థైరాయిడ్ తేడా వల్ల కూడా ఊడుతుంది. ఆ తేడా మధ్యవయసు ఆడవాళ్లలో మామూలుగా కనబడేదే. అలసట, ఒళ్లు బరువెక్కడం, నిద్ర పట్టకపోవడం రెండింటిలోనూ ఉంటాయి కాబట్టి పరీక్ష చేయకుండా "వయసు వల్లే" అని పంపించేయడం తేలిక.

ఇంకోటి ఉంది, అరుదే గానీ తెలిసి ఉండాలి. నుదుటి అంచు ఏకంగా వెనక్కి జరుగుతూ, కనుబొమ్మలు కూడా ఊడిపోతూ, ఆ చోట తోలు నున్నగా మెరుస్తూ ఉంటే అది వేరే జబ్బు. వైద్యులు దాన్ని 1994లో, మెనోపాజ్ దాటిన స్త్రీలలోనే మొదట గుర్తించి రాశారు. ఇందులో కుదురే మచ్చపడి చచ్చిపోతుంది, తిరిగి మొలవదు. దురద, మంట, ఎర్రదనంతో జుట్టు ఊడుతుంటే ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

నెత్తి మీది బరువు

వైద్య పుస్తకాల్లో జుట్టును బిగించి కట్టడం వల్ల ఊడటం గురించి ఉంటుంది. మన ఆడవాళ్ల నెత్తి మీద అంతకు మించిన పని జరుగుతుంది. గడ్డిమోపు, కట్టెల మోపు, నీళ్ల బిందె, ఎరువు గంప, మేస్త్రి దగ్గర ఇసుక తట్ట, ఇటుకలు. పదేళ్ల వయసు నుంచి మొదలుపెట్టి నలభై ఏళ్లు మోసిన మనిషికి, చుట్టకుదురు పెట్టినా పెట్టకపోయినా, బరువూ రాపిడీ పడేది సరిగ్గా నడినెత్తి మీదే. బరువు కింద జారకుండా కొప్పును గట్టిగా బిగించి కడతారు, దాంతో కుదుళ్లు లాగుడుకు గురవుతాయి. మెనోపాజ్‌లో పలచబడేదీ ఆ నడినెత్తే. రెండూ ఒకచోటే కలిశాక దేనివల్ల ఎంత ఊడిందో విడదీయడం కష్టం. కనీసం "నీ పనేంటమ్మా?" అని డాక్టరు అడగాలి. ఆ ప్రశ్న అడగకుండా హార్మోన్ల మీద తోసేయడం సగం వైద్యమే.

ముట్లు ఆగే వయసు కూడా అందరికీ ఒకటి కాదు. పశ్చిమ దేశాల్లో సగటున 51 ఏళ్లకు ఆగితే, మన దేశంలో 46–47 ఏళ్లకే ఆగుతాయి. సరైన తిండి లేకపోవడం, చదువు లేకపోవడం, పేదరికం ఉన్నచోట ఇంకా ముందే ఆగుతాయని సర్వేల్లో తేలింది. పొగ తాగితే ఒకటి రెండేళ్లు ముందుకు జరుగుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే పెద్దమ్మలకు ఈ సంగతి చెప్పినవాళ్లు ఎంతమంది ఉంటారో. ఇవన్నీ ఒకటి రెండేళ్ల తేడాలు. పదేళ్ల తేడా తెచ్చేది ఒకటుంది.

సంచి తీసేస్తే పోలే

గర్భసంచి అనే మాటలోనే తిప్పలుందని మాకనిపిస్తుంది. సంచి అంటే పనయ్యాక పారేసేది. "పిల్లలు పుట్టారుగా, ఇంకా సంచి ఎందుకమ్మా" అనే మాట మన వాడల్లో ఆర్ఎంపీ నోట, స్కానింగ్ సెంటర్లో, నర్సింగ్ హోం కౌంటర్ దగ్గర వినబడుతూనే ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015–16), ఐదో విడత (2019–21) రెండింటిలోనూ గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలో ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశ సగటు దాదాపు 3 శాతం ఉంటే, ఆంధ్రలో సుమారు 9, తెలంగాణలో సుమారు 8. చేయించుకునే నాటికి వయసు దేశవ్యాప్తంగా 34 ఏళ్ల దగ్గర ఉంది. ప్రతి మూడింటిలో రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి.

ఎందుకు చేయించుకుంటున్నారని పైపైన అడిగితే తెల్లబట్ట, నడుంనొప్పి, విపరీతంగా పోవడం అంటారు. దగ్గర కూర్చుని అడిగితే ఇంకా చెబుతారు. మిరపచేలో, పత్తిచేలో ముట్టుగుడ్డ మార్చుకునే చోటుండదు. నెలకు నాలుగు రోజులు పని మానితే మేస్త్రి వేరేవాళ్లను పిలుస్తాడు. "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరో బెదిరించి ఉంటారు. తీసుకొచ్చినవాడికి ఆసుపత్రి కమీషన్ ఇస్తుంది, అది ఆమెకు తెలియదు. తెల్లబట్టకు మాత్రలతో తగ్గే ఇన్‌ఫెక్షనే చాలాసార్లు కారణం. గర్భసంచి తీయాల్సిన అవసరం నిజంగా ఉండే సందర్భాలు ఉన్నాయి, వాటిని మేం కాదనడం లేదు. ముప్పై నాలుగేళ్లకు ఇంతమందికి ఒకేసారి ఆ అవసరం రావడాన్ని మాత్రం నమ్మలేం.

ఇది మన రెండు రాష్ట్రాల కథే కాదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే స్త్రీలు కూలి పోతుందన్న భయంతో గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో బయటకొచ్చి, ప్రభుత్వం విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అనవసరపు ఆపరేషన్ల మీద 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. బలైనవాళ్లలో ఎక్కువమంది అట్టడుగు వర్గాల స్త్రీలన్నదే ఆ పిటిషన్‌లో ప్రధానాంశం. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు చెబుతూ, కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది అందులో ఒకటి.

ఇప్పుడు జుట్టు దగ్గరకొద్దాం. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేస్తే, పదేళ్లలో మెల్లగా రావాల్సిన మెనోపాజ్ ఒక్క రోజులో వస్తుంది. అండాశయాలను ఉంచినా, అవి మామూలు కంటే కొంత ముందుగానే పనిమానేస్తాయి. ఆపరేషన్ దెబ్బకు మూడు నెలల తర్వాత ఊడేది ఒక విడత. హార్మోన్లు పడిపోయి పలచబడేది ఇంకో విడత. ముప్పై అయిదేళ్ల ఆమె "ఆపరేషన్ అయినప్పటి నుంచి జుట్టు నిలవట్లేదు" అంటే, ఇంట్లో అందరూ మత్తుమందు వేడి అనుకుంటారు. ఎముకలు పెళుసుబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం కూడా అప్పటి నుంచే మొదలవుతాయి. అవి కంటికి కనబడవు. ముందు కనబడేది జుట్టే.

అందుకే ఊళ్లో పనిచేసే కార్యకర్తలు ఒకటి నేర్చుకోవాలి, డిశ్చార్జి కాగితం చదవడం. అందులో టీఏహెచ్ అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారు. దాని పక్కన బీఎస్‌ఓ అని ఉంటే రెండువైపులా గొట్టాలూ అండాశయాలూ తీసేశారు. యూఎస్‌ఓ అంటే ఒకవైపు. చాలామందికి తమ ఒంట్లోంచి ఏం తీశారో తెలియదు, కాగితం మాత్రం ట్రంకుపెట్టెలో ఉంటుంది. 45 ఏళ్లలోపే అండాశయాలు పోయిన స్త్రీకి, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, మామూలు మెనోపాజ్ వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ మందుగా ఇవ్వాలన్నది వైద్యులు సాధారణంగా ఒప్పుకునే పద్ధతి. జుట్టు కోసం కాదు, ఎముకలూ గుండే నిలబడటం కోసం. ఈ మాట డిశ్చార్జి రోజున చెప్పాల్సింది. చెప్పకపోతే ఇప్పుడైనా గైనకాలజిస్టును అడగొచ్చు.

రక్తం, పెద్దకూర

ముట్లు ఆగబోయే ఏళ్లలో కొందరికి వారాల తరబడి రక్తం పోతుంది. ముందే తక్కువ రక్తమున్న ఒళ్లు ఇంకా పాలిపోతుంది. ఐదో విడత సర్వే ప్రకారం దేశంలో 57 శాతం స్త్రీలకు రక్తహీనత ఉంది. ఎస్సీ స్త్రీలలో అది దాదాపు 59 శాతం, ఎస్టీ స్త్రీలలో దాదాపు 65. ఒంట్లో ఐరన్ తక్కువైతే అత్యవసరం కాని పనులను ఒళ్లు పక్కన పెడుతుంది. జుట్టు పెంచడం అందులో ఒకటి. రక్తం పెరిగితే పాపిట మళ్లీ నిండుతుందని మేం హామీ ఇవ్వం. ఐరన్ లోటు ఉంటే మాత్రం దాన్ని తీర్చకుండా తలకు ఎన్ని పూసినా డబ్బు దండగ.

ఈ సర్వే స్త్రీలలో రక్తహీనతను 15 ఏళ్ల నుంచి 49 ఏళ్ల దాకానే పరీక్షించింది. ఐరన్ మాత్రల పథకాలూ "పునరుత్పత్తి వయసు" అనే గీత దగ్గరే ఆగుతాయి. పిల్లల్ని కనే యంత్రంగా ఉన్నంతకాలమే ఆడదాని నెత్తురుకు లెక్క. యాభై దాటిన కూలీ తల్లికి హిమోగ్లోబిన్ ఎంతుందో ఎవరూ రాసుకోరు. నిజానికి ముట్లు ఆగిన తర్వాత కూడా రక్తం తక్కువగా ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. నెలనెలా పోయే రక్తం లేనప్పుడు అది ఎక్కడికి పోతోంది? కడుపులో పుండా, చెప్పుల్లేకుండా బురదలో పనిచేస్తే పట్టే కొంకిపురుగా, మరేదైనా పెద్ద జబ్బా అన్నది తేల్చుకోవాలి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. అది గర్భసంచి క్యాన్సర్ కాదని తేల్చుకునేదాకా ఊరుకోకూడదు.

తిండి గురించి ఆసుపత్రి గోడల మీద రాసేవి మనకు తెలుసు: ఖర్జూరం, బీట్‌రూట్, దానిమ్మ. కిలో దానిమ్మ కొని తినే స్తోమత ఉంటే ఈ బాధలెందుకు? ఆకుకూరల్లోని ఐరన్ కంటే మాంసంలోని ఐరన్‌ను ఒళ్లు చాలా సులువుగా తీసుకుంటుంది. కార్జం, నల్ల, పెద్దకూర, ఎండుచేపలు, గుడ్లు తరతరాలుగా మన ఇళ్లలో తిన్నవే. జుట్టుకూ నరాలకూ కావాల్సిన బీ12 విటమిన్ సహజంగా జంతు ఆహారంలోనే దొరుకుతుంది. తక్కువ డబ్బులో ఎక్కువ ఐరన్ ఇచ్చే పెద్దకూర పేరు మాత్రం ఏ పోషకాహార పోస్టర్ మీదా కనబడదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో పెద్దకూర పండుగ చేసిన విద్యార్థులు అడిగింది హాస్టల్ ప్లేటులో చోటు. అదే అడగాల్సిన చోట్లలో పీహెచ్‌సీ గోడ కూడా ఒకటని మా అభిప్రాయం. తినేవాళ్లు సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. తినని రోజుల్లో మునగాకు, తోటకూర, రాగులు, ఉలవలు నిమ్మరసంతో తింటే కొంత మేలు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఉన్న ఐరన్ కూడా ఒంటికి పట్టదు. చేలో మధ్యాహ్నం బువ్వయ్యాక వచ్చే ఆ టీ గంట ఆగి తాగమని చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

మందులు, మోసాలు

మెనోపాజ్‌తో పలచబడే జుట్టుకు గట్టి ఆధారాలున్న మందు మినాక్సిడిల్. మొదట అది రక్తపోటు మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు పూసే లోషన్‌గా తెచ్చారు. ఆడవాళ్లకు 2 శాతం లోషన్ రోజుకు రెండుసార్లు, లేదా 5 శాతం నురుగు మందు రోజుకు ఒకసారి, జుట్టుకు కాకుండా పాపిట వెంట తోలుకు తగిలేలా పూయాలి. మొదటి నెలా రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతుంది. పాత వెంట్రుకలను తోసేసి కొత్తవి రావడమే దానికి కారణం. ఇది ముందే చెప్పకపోతే నూటికి తొంభై మంది సీసా పారేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే వచ్చింది మళ్లీ పోతుంది. కొందరికి ముఖం మీద నూగు పెరుగుతుంది. గుండె జబ్బు, బీపీ మందులు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వాడాలి. ముట్లు పూర్తిగా ఆగనివాళ్లు కడుపుతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా వాడకూడదు. స్పైరొనోలాక్టోన్, ఫినాస్టెరైడ్ లాంటి మాత్రలు కూడా కొందరికి ఇస్తారు గానీ, అవి డాక్టరు చూసి రాయాల్సినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

ఈ సీసాకు నెలకు కొన్ని వందలవుతుంది. 2025–26లో ఆంధ్ర, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు, కొలతలు వేశాక చేతికి అది కూడా రాదు. అంటే ఏటా కొన్ని వారాల కూలి. జుట్టు కోసం ఆ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఆ స్త్రీ నిర్ణయం. పెట్టుకుంటే విలాసమనీ, పెట్టకపోతే నిర్లక్ష్యమనీ తీర్పు చెప్పడం మన పని కాదు.

మన పని మోసాలు ఆపడం. సంతలో, బస్టాండులో, ఇప్పుడు ఫోన్లోనూ "నలభై రోజుల్లో ఒత్తయిన జుట్టు" అని నూనెలు అమ్ముతున్నారు. ఔషధ నియమాల్లోని షెడ్యూల్ జె ప్రకారం బట్టతలను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ఆ జాబితాలో క్యాన్సర్, ఎయిడ్స్ పక్కన బట్టతల కూడా ఉంది. ఆముదం, కొబ్బరినూనె, మందార నూనె రాసుకుంటే వెంట్రుక చిట్లకుండా ఉంటుంది, అంతే. చిన్నబోయిన కుదురును అవి పెద్దది చేయవు. బయోటిన్ మాత్రలు లోటు లేనివాళ్లకు పనికిరావు. పైగా అవి వేసుకుంటూ రక్తపరీక్ష చేయించుకుంటే థైరాయిడ్ ఫలితాలు తప్పుగా రావచ్చు. పరీక్షకు ముందు ఆ సంగతి చెప్పి ఆపాలి.

జుట్టు వ్యాపారం ఇంకో వైపు కూడా నడుస్తోంది. తల దువ్వుకున్నాక వచ్చిన చిక్కును ఉండ చేసి చూరులో దోపడం మన ఇళ్లలో ఉన్నదే. చిక్కు వెంట్రుకలు కొనేవాళ్లు వస్తే ఒక స్టీలు గిన్నె వస్తుంది. తిరుమల తలనీలాలు ఈ-వేలంలో కోట్లకు పోతాయి. ఏలూరు లాంటి ఊళ్లలో శుభ్రం చేసి, జడలు కట్టి విదేశాలకు పంపుతారు. ఊడిన వెంట్రుకకు ప్రపంచమంతా గిరాకీ ఉంది, ఊడుతున్న తలకు మండల కేంద్రంలో డాక్టరు లేడు. చూరులోని ఉండ వల్ల ఒక ఉపయోగం ఉంది. నెల రోజుల్లో నిండే ఉండ పది రోజుల్లోనే నిండుతోందంటే, ఏదో మారిందని ఆమెకు ముందే తెలుస్తుంది. డాక్టరు అడిగితే చెప్పడానికి అంతకంటే మంచి కొలత లేదు.

ఎక్కడ అడగాలి

తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద, ఎంపిక చేసిన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారాలు స్త్రీల కోసం ప్రత్యేక క్లినిక్‌లు పెట్టారు. మెనోపాజ్ సమస్యలు, థైరాయిడ్, సూక్ష్మపోషకాల లోపం ఆ సేవల జాబితాలో ఉన్నాయి. మీ దగ్గరి కేంద్రంలో అది నడుస్తోందో లేదో ఏ మంగళవారమైనా పోయి చూడొచ్చు. నడవకపోతే ఎందుకు నడవడంలేదని రాతపూర్వకంగా అడగొచ్చు. ఆంధ్రలో ఉన్నవాళ్లు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు అడిగి చేయించుకోవాలి. ఆశా అక్క వెంట ఉంటే పని తొందరగా అవుతుంది. డాక్టరు దగ్గర చెప్పాల్సినవి ముందే ఒక కాగితం మీద రాసుకుంటే మేలు: ఆఖరి ముట్టు ఎప్పుడు, ఏ ఆపరేషన్లు అయ్యాయి, గత ఆర్నెల్లలో ఏ జ్వరాలొచ్చాయి, వాడే మాత్రలేంటి, చేసే పనేంటి.

విద్యార్థులు చేయగలిగింది ఇంకోటుంది. సుప్రీంకోర్టు చెప్పిన పర్యవేక్షణ కమిటీ మీ జిల్లాలో వేశారా, ఎన్నిసార్లు కూర్చుంది, ఏడాదిలో ఎన్ని గర్భసంచి ఆపరేషన్లు జరిగాయి, వాటిలో 40 ఏళ్లలోపు వాళ్లెందరు, అండాశయాలు కూడా తీసినవి ఎన్ని, ఎస్సీ, ఎస్టీ స్త్రీలెందరు అని జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు పెడితే అది కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. ప్రైవేటు ఆసుపత్రుల లెక్కలు తమ దగ్గర లేవని జవాబొస్తే, ఆ జవాబును దాచిపెట్టండి. మార్గదర్శకాల ప్రకారం ఆ లెక్కలు వాళ్ల దగ్గర ఉండాలి.